వెనక్కి చూసి విసరండి

తిరుచానూరులో మా ఇంటికి అప్పుడప్పుడు కుర్రవాళ్లు వస్తుంటారు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి సెలవు రోజుల్లో గాలం వేయడానికి వచ్చేవాళ్లకు తోడు వెళ్లి, చెరువు చూపించి, చేప పట్టించే పని ఇప్పుడు మన వైపు కూడా మొదలైంది. వీళ్లు ఆ పనిలో దిగాలనుకునేవాళ్లు. నేను ఫ్లై ఫిషింగ్ నేర్పేదాన్నని ఎవరో చెబితే విని వస్తారు. కూర్చోగానే అడిగేది ఒకటే, ఎర ఇంకా దూరం పడాలంటే చెయ్యి ఎట్లా తిప్పాలని.

దానికి జవాబు చెబుతాను. మిగతాది కాఫీ తాగి లేచేలోపు చెప్పగలిగింది కాదు. అందుకే రాస్తున్నాను. నేను మత్స్యశాఖలో ఊళ్లు తిరిగే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏ హోదా ఎప్పుడొచ్చిందో మీకు పనికిరాదు కాబట్టి వదిలేస్తున్నాను. పనికొచ్చేది ఒకటుంది. నేను నా ఉద్యోగమంతా భయపడుతూనే చేశాను. నాకు ఈత రాదు. మాది నగరిలో మగ్గాల ఇల్లు. బావి గట్టు దాటి నీళ్లు చూడకుండా పెరిగాను. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా నాయన సంతోషపడి, ఏ శాఖో విని మాట్లాడకుండా మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు.

కొండ మీది వాగు

చేరిన కొత్తలో నన్ను నీలగిరి కొండల్లో ట్రౌట్ పిల్లలను పెంచే ఒక కేంద్రానికి శిక్షణకు పంపారు. ట్రౌట్ చన్నీళ్ల చేప. మన ఎండకు ఒక పూట కూడా బతకదు. దాని పెంపకం మన జిల్లాకు ఎందుకని నేను అడగలేదు, పంపినవాళ్లకూ తెలిసినట్టు లేదు. అక్కడ పెంపకంతో పాటు ఫ్లై ఫిషింగ్ కూడా నేర్పారు. నేర్పింది మాదన్ అనే ఆయన. ఆయన తమిళంలోనే మాట్లాడేవాడు. తమిళనాడు అంచున ఉన్న నగరి మనిషిని కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు.

మామూలు గాలానికి బరువు ఉంటుంది, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలూ నూలూ చుట్టి పురుగులా కట్టిన చిన్న కొక్కెం. దానికి బరువు లేదు. అందుకని ఇందులో దారమే లావుగా ఉంటుంది, విసిరేది దారాన్నే. దారం కట్టిన పొడవాటి గాలం కడ్డీని వెనక్కి లేపితే దారం గాల్లో మన వెనక చాచుకోవాలి. అది పూర్తిగా చాచుకున్నాక ముందుకు కొట్టాలి. తొందరపడితే కొరడాలా చిటుక్కుమని ఎర తెగిపోతుంది. ఆలస్యమైతే దారం వెనక నేల మీద పడుతుంది. మాదన్ మమ్మల్ని మొదట్లో గడ్డి నేల మీదే ఉంచాడు. కొక్కెం బదులు ఎర్ర ఉన్ని పోగు కట్టించాడు. నేను బట్టలు ఉతికినట్టు కొట్టేదాన్ని. ఆయన నా మణికట్టును కడ్డీకి కలిపి గుడ్డతో కట్టేశాడు. మోచేయి కదలాలి, మణికట్టు కాదు. కడ్డీ తల పైకి వచ్చి కాస్త వెనక్కి వాలగానే టక్కున ఆపేయాలి. దూరం బలంలో లేదు, ఆ ఆపడంలో ఉంది. మీరు అడిగే ప్రశ్నకు జవాబు అంతే.

తర్వాత వాగులోకి దిగాం. రొమ్ముల దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకున్నాం. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, రాయి చాటున నిలబడి, కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంటుంది. అందుకని మనం దాని వెనక నుంచి, దిగువ వైపు నుంచి వెళ్లాలి. మన నీడ దాని మీద పడకూడదు. నేను ఒక రాయి చాటున చేపను చూశాను. అంతకుముందు అంత దగ్గరగా చూడలేదు. ఒంటి నిండా చుక్కలు. దాని మీదే కళ్లు పెట్టి అడుగు వేశాను. పాచి పట్టిన రాయి కాలి కింద తిరిగింది.

పడ్డాక తెలిసింది, ఆ తొడుగులోకి నీళ్లు పోతే మనిషి మూట అయిపోతాడని. కాళ్లు లేవలేదు. చలికి ఊపిరి లోపలికి పోయి బయటికి రాలేదు. నీళ్లు నన్ను దిగువనున్న మడుగు వైపు లాగుతుంటే అరవాలన్న ఆలోచన కూడా రాలేదు. మాదన్ పరుగెత్తుకొచ్చి చేప పట్టే వల పిడితో నా తొడుగు పట్టీని తగిలించి ఒడ్డుకు లాగాడు.

ఆయన తిట్టలేదు. పడేముందు ఏం చూస్తున్నావని అడిగాడు. చేపను అన్నాను. ఆ మధ్యాహ్నమే మళ్లీ అదే చోట దింపాడు. ఆయన్ని అప్పుడు అసహ్యించుకున్నాను. అట్లా దింపడం సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నేను నేర్పినవాళ్లలో ఎవర్నీ పడ్డ రోజే మళ్లీ దించలేదు. కానీ ఆయన నేర్పిన ఒకటి మాత్రం మీరు పట్టుకోవాలి. ముందు కాలితో నేలను తడిమి, అది నిలుస్తుందని తెలిశాకే రెండో కాలు ఎత్తాలి. విసిరేటప్పుడు నడవకూడదు, నడిచేటప్పుడు విసరకూడదు.

చివరికి నాకూ ట్రౌట్ పడింది. దానికి ముందు చాలా చేపలు నా ఎరను చూసి వదిలేశాయి. మధ్యలో దారం ప్రవాహానికి వంగి ఎరను ఈడ్చేది. నిజం పురుగు అట్లా పరుగెత్తదు. దారం నీళ్ల మీద పడగానే కడ్డీ కొనతో దాని నడుము భాగాన్ని ఎగువకు ఎత్తి వేయాలి. అప్పుడు ఎర తనంతట తాను తేలుతూ వస్తుంది. అది చేతికి వచ్చిన రోజు పడింది. చెయ్యి తడుపుకుని పట్టుకోమన్నాడు మాదన్. పొడి చేత్తో పడితే దాని ఒంటి మీది జిగురు పోతుంది. పట్టుకున్నాను, వదిలేశాను. సంతోషం కంటే ఎక్కువగా, ఇక నీళ్లలోంచి బయటికి పోవచ్చనే అనుకున్నాను.

మన చెరువులో

ఆ కడ్డీ తెచ్చుకుని చిత్తూరు తిరిగొచ్చాను. కొన్నేళ్లు అది బీరువా మీదే ఉంది. తర్వాత వచ్చిన మా పై అధికారికి అది కనబడింది. ఆయన కోస్తా వైపు మనిషి. హుషారు ఎక్కువ. మన చెరువుల్లో కూడా దీన్ని నేర్పిస్తే వలలు వేసేవాళ్లకు ఇంకో బతుకుదెరువు దొరుకుతుందని ఆయనకు తోచింది. ఆ ఆలోచన మంచిదే. నేను చూసిన అధికారుల్లో జనం కోసం ఏదన్నా చెయ్యాలని నిజంగా అనుకున్నవాళ్లలో ఆయన ఒకడు. ఆయనతో చిక్కల్లా తొందర. అనుకున్న పని కళ్ల ముందు కనబడేదాకా ఆగలేడు.

మన చెరువులో కొర్రమీను ఉంటుంది. ట్రౌట్‌కి నేర్చుకున్నదాన్ని దీనికి మార్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ప్రవాహం లేదు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చి గుటకేసి పోతుంది. అప్పుడు నీటి మీద లేచే వలయం కనబడిన చోట కాకుండా, దానికి కాస్త అవతల ఎర వేసి, తామరాకుల మీదుగా కప్ప గెంతినట్టు కొంచెం కొంచెం లాగాలి. ట్రౌట్ తాకగానే మెల్లగా ఎత్తితే చాలు. కొర్రమీను నోటపట్టి తిరిగి లోపలికి పోయేదాకా ఆగి, అప్పుడు గట్టిగా కొట్టాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ వేస్తే తప్పకుండా పడతాయి. వేయకండి. కాపలా పోతే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో మునస్వామి లాంటి చెయ్యి ఇంకొకరిది చూడలేదు. అప్పటికి నలభై దాటి ఉంటాడు. పూతలపట్టు దగ్గర ఒక చెరువు మీద వలేసి బతికే మనిషి. నీళ్లంటే భయమనేది ఏంటో తెలియదు. నేను మోకాలి లోతు దాటనని తెలిసి, నా ముందు ఎప్పుడూ నవ్వకుండా తల తిప్పుకునేవాడు. వలేసిన చెయ్యి కాబట్టి ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో చెప్పకముందే తెలుసు. చూస్తుండగానే నన్ను దాటిపోయాడు.

తీగ

ఆ చెరువు దగ్గరికి పెద్దవాళ్లు కొందరు చూడటానికి వస్తారని కబురు వచ్చింది. మా అధికారి వాళ్లకు ఈ విద్య చూపించాలనుకున్నాడు. నేను ముందురోజు వెళ్లి తూము అవతలి గట్టు చూసి వచ్చాను. వెనక అంతా బయలు. కానీ అక్కడికి కారు రాదు. కారు వచ్చే గట్టు మీద చేలల్లోని మోటార్లకు పోయే కరెంటు లైను ఉంది. రెండు స్తంభాల మధ్య తీగలు వేలాడుతున్నాయి. అక్కడ వద్దని చెప్పాను. ఆయన కాసేపు విని, పెద్దవాళ్లను బురదలో నడిపించలేమన్నాడు. కరెంటు పారే అంత పొడవు కార్బన్ కడ్డీ ఆ తీగల కింద ప్రమాదమని మళ్లీ చెప్పాను. పక్కకు నిలబడి విసురుతారులే అన్నాడు. అందరి ముందూ అన్నాడు, నవ్వుతూనే అన్నాడు.

మర్నాడు పొద్దున వాళ్లు వచ్చారు. మునస్వామిని తీగలకు దూరంగా గట్టు చివర నిలబెట్టాను. నాలుగైదు సార్లు చక్కగా విసిరాడు. ఫోటో తీసేవాళ్లకు వెలుతురు చాలలేదు. ఇటు రమ్మని పిలిచారు. మునస్వామి తీగల వైపు వచ్చాడు. నేను అతని వైపు నడుస్తుండగానే ఇంకా దూరం వెయ్యమని ఎవరో అన్నారు. అతను దారం ఇంకొంచెం వదిలి వెనక్కి లేపాడు.

ముందుకు రాలేదు. ఎర తీగకు చుట్టుకుంది.

అందరూ నవ్వారు. మునస్వామికి సిగ్గేసింది. గట్టు మీదికి ఎక్కి, తీగ కింద నిలబడి దారాన్ని లాగి చూశాడు. రాలేదు. కడ్డీని పైకెత్తి కొనతో చుట్టు విప్పడానికి చూశాడు. తడి గట్టు, తడి కాళ్లు, తడి దారం. కడ్డీ కొన తీగకు జానెడు దూరంలో ఊగుతోంది.

"మునస్వామీ, కడ్డీ వదిలెయ్" అన్నాను.

"ఇప్పుడు కరెంటు లేదు మేడం. మోటార్లన్నీ నిలిసిపోయి ఉండాయి. ఒక్క నిముసంలో ఇప్పేస్తా."

అతను చెప్పింది నిజం. చేలకు కరెంటు వంతుల వారీగా వస్తుంది. అప్పుడు చుట్టూ ఏ మోటారు సద్దూ లేదు. మా అధికారి కూడా అదే అన్నాడు. లైన్లో కరెంటు లేదమ్మా, ఎందుకంత భయం, విప్పుకోనీ అన్నాడు. లేదన్న సంగతి నాకూ తెలుసు. ఎప్పుడొస్తుందో మాత్రం అక్కడున్న ఎవరికీ తెలియదు.

అతని దగ్గరికి పోయి చెయ్యి పట్టి లాగుదామంటే కాళ్లు ఆగిపోయాయి. నేను తాకిన క్షణంలోనే వస్తే ఇద్దరం పోతాం. పది అడుగుల దూరంలో నిలబడి అరిచాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు.

"నీ పెండ్లాం మీద ఒట్టు, వదిలిపెట్టి ఈడికి రా."

ఆ మాటకు అతను నా మొహం చూశాడు. ఏం కనబడిందో ఏమో, కడ్డీని మెల్లగా పక్కనున్న తుమ్మ చెట్టు కొమ్మకు ఆనించి, అసహనంగా తల ఊపుతూ గట్టు దిగి వచ్చాడు. కొన ఇంకా ఆ తీగ దగ్గరే ఉంది. కొమ్మ ఊగినప్పుడల్లా దాన్ని తాకుతోంది. దూరంగా పొమ్మని అందర్నీ వెనక్కి నెట్టాను. మా అధికారి మొహం ఎర్రబడింది. లైన్‌మన్‌కు ఫోన్ చేసి సబ్‌స్టేషన్లో ఆపించమని చెబుతానన్నాను. నెంబరు వెతికి నొక్కాను.

ఫోన్ ఇంకా చెవి దగ్గరికి పోకముందే దూరంగా ఒక మోటారు మొదలైంది. తర్వాత ఇంకొకటి. కరెంటు రాగానే వాటంతట అవే తిరిగే మోటార్లు అవి. ఒక చేను నుంచి ఇంకో చేనుకు ఆ సద్దు మా చుట్టూ తిరిగొచ్చింది. తుమ్మ చెట్టు దగ్గర చిటపటమంది. కడ్డీ కొనన నీలం మంట ఒకటి లేచింది. కొమ్మ పొగ చిమ్మింది. చెట్టు మొదట్లో గడ్డి అంటుకుంది. మునస్వామి నిలబడిన చోట, మట్టిలో అతని అడుగుల గుర్తులకు పక్కనే.

మునస్వామి కిందికి చూసుకున్నాడు, తన అరచేతులకేసి. తర్వాత గట్టు పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

మా అధికారి ఆ తర్వాత రెండు రోజులు ఆఫీసులో నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తనకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు, నీకు పడుతోందా అని అడిగాడు. లేదన్నాను. ఇక మీదట చోటు నువ్వే ఎంచు అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనది చెడ్డ మనసు కాదు. అయినా మీకు చెప్పేది ఇది. చోటు విషయంలో మీ పైవాడి మాట వినకండి. ఉద్యోగం పోతే పోనీ.

పుట్టి

కొన్ని వారాలకు మునస్వామి భార్య కుప్పమ్మ కాణిపాకం పోయి వస్తూ నా దగ్గర ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుని, తన మొగుడు పనికి పోవడం లేదని చెప్పింది.

"మోటరు సప్పుడు ఇనపడితే సాలు మేడం, తినే కూడు వదిలి లేస్తా ఉండాడు. వల ముట్టుకోడు. సెరువు కాడికే పోడు. అడిగితే ఏమీ సెప్పడు. మీరన్నా ఒక మాట సెప్పండి."

మర్నాడు వాళ్ల ఊరికి పోయాను. మునస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మనిషి సగమయ్యాడు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాం. వెళ్దామని లేస్తుంటే తనే చెప్పాడు.

"నీళ్లంటే నాకు బయం లేదు మేడం. చెయ్యి ఎత్తితే పైన సూడాల్సొస్తా ఉండాది. పైన సూస్తే కింద యాడ అడుగేస్తానో తెలీదు. యాడ సూసినా తీగలే."

భయపడకు అని చెప్పడం నాకు రాలేదు. ఆ మాట నాకు చెప్పినవాళ్లెవరూ నా భయాన్ని తగ్గించలేదు. తీగ లేని చోటు ఎక్కడుందా అని ఆలోచించాను. గట్టు మీద లేదు, చేల పక్కన లేదు. ఉన్నది ఒక్క చోటే. కొండల మధ్యనున్న పెద్ద చెరువులో, నడి నీళ్ల మీద. అక్కడికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. పుట్టిలో పోదాం రమ్మన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది. పుట్టి అంటే వెదురు బద్దల బుట్ట. అడుగున తారు పూసిన పట్టా. నా ఉద్యోగంలో ఎన్నో పుట్టిలు నా చేత్తోనే పంచాను. ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు.

మునస్వామి నా వైపు తేరిపార చూశాడు. "పుట్టిలోనా? మీరు వస్తారా?"

"వస్తా" అన్నాను.

తెల్లారి పొద్దెక్కకముందే పోయాం. ఇద్దరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. అతనికి అలవాటు లేకపోయినా నా కోసం వేసుకున్నాడు. మీరు మాత్రం అది లేకుండా ఎవర్నీ పుట్టి ఎక్కించకండి. పుట్టిలో నిలబడి విసరకండి, కూర్చుని చిన్న విసురే వేయండి. ఇవన్నీ ఆ రోజు నేను అతనికి చెప్పాలనుకున్నాను. కాలు పెట్టగానే అది కింద కుంగి పక్కకు తిరిగింది. ఒక్కటీ చెప్పలేదు. అంచు పట్టుకుని కూర్చున్నాను. తెడ్డు వేసినప్పుడల్లా బుట్ట అటు సగం, ఇటు సగం తిరుగుతూ పోయింది. అడుగున పట్టా కింద నీళ్లు కదలడం నా పాదాలకు తెలుస్తోంది. ఒడ్డు మీది మనుషుల మాటలు మొదట వినబడ్డాయి, తర్వాత వినబడలేదు.

మధ్యలోకి వచ్చాక తెడ్డు లోపల పెట్టాడు. కడ్డీ తీశాడు. ఇది వెదురుది, నేనే తెచ్చాను. దారం కొంచెం వదిలి చెయ్యి ఎత్తాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. తల తిప్పి వెనక చూసుకున్నాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఆగింది. మెడ మీద చెమట కారుతోంది. నాలుగోసారి కడ్డీని ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు.

"నువ్వు ముందుకు సూడు. వెనక నేను సూస్తా" అన్నాను.

అతను నాకు వీపు పెట్టి తిరిగి కూర్చున్నాడు. ఆ కదలికకు పుట్టి ఒక పక్కకు ఒరిగింది. అంచును రెండు చేతులతో పట్టుకున్నాను.

"మేడం, వెనకాల ఏముండాది?"

"ఏమీ లేదు. ఇసురు."

అతను విసరలేదు. తల కొంచెం పక్కకు తిప్పి, నన్ను చూసి, చాలా మెల్లగా అన్నాడు.

"కండ్లు తెరిసి సెప్పండి మేడం."

నిజమే, నేను కళ్లు మూసుకుని ఉన్నాను. తెరిచాను. ఎటు చూసినా నీళ్లే. ఒడ్డు నుంచి అంత దూరం వచ్చామని అప్పుడే తెలిసింది. అయినా నా వెనక ఆకాశమంతా ఒక్కసారి తిరిగి చూశాను, కొండ అంచు దాకా, నెమ్మదిగా, ఏదీ వదలకుండా. స్తంభం లేదు. తీగ లేదు. ఒక కొంగ మాత్రం పోతోంది. అది దాటిపోయేదాకా ఆగాను.

"ఏమీ లేదప్పా" అన్నాను. "ఇప్పుడు ఇసురు."

కడ్డీ లేచింది. దారం నా తల మీదుగా వెనక్కి పోయి, పూర్తిగా చాచుకుని, ముందుకు వెళ్లి నీళ్ల మీద పడింది.

ఆ రోజు చేప పడలేదు. మర్నాడు మళ్లీ పుట్టి ఎక్కాం.